"సాటియైన సహాయము"లో సాటి అంటే ఏమిటి?

గ్రూపులో పెద్దలకు నమస్కారం, మా వాళ్ళకి వందనాలు. అడుగుతున్నది మాట గురించే, మతం గురించి కాదు. అడ్మిన్ గారు తొందరపడి తీసెయ్యకండి.

నేను ఛత్తాబజార్‌లో పెళ్ళి కార్డులు వేసే ఒక ప్రెస్సుకి ఇంటి దగ్గర్నుంచే ప్రూఫులు దిద్దుతాను. క్రైస్తవ పెళ్ళి కార్డులు నాకు సుఖం. ముహూర్తం, లగ్నం, నక్షత్రపాదం ఏవీ ఉండవు కాబట్టి తప్పులు తక్కువ. "చి.ల.సౌ." ఒక్కటి చూసుకోవాలి. డిజైన్ కుర్రాళ్ళు పాత కార్డు మీదే కొత్తది కొడతారు, ఆ 'ల' అలాగే ఉండిపోతుంది. అచ్చయ్యాక ఎవరో ఒక పెద్దాయన "ఇది లక్ష్మి కదా" అంటారు. ఇక చూడండి.

మొన్న వచ్చిన కార్డులో పైన ఆదికాండము 2:18 వేశారు. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు, వానికి సాటియైన సహాయమును వానికొరకు చేయుదును." ప్రూఫు పంపిన గంటకి పెళ్ళికొడుకు పెదనాన్నగారు ఫోన్ చేశారు. "అమ్మా, ఆ సాటియైన తీసేసి ఉట్టి సహాయము ఉంచండి. లేకపోతే తగిన సహాయకురాలు అని పెట్టండి. సాటి అంటే పోటీకి వచ్చినట్టుంది" అన్నారు. వాక్యం మార్చకూడదు కదండీ అంటే, "అర్థం మారట్లేదు కదమ్మా" అని నవ్వారు. పెళ్ళికూతురికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఒక్కటే మాట అంది: "ఆంటీ, ఉన్నది ఉన్నట్టే ఉండాలి." డబ్బు కట్టింది మగపెళ్ళివారు. నేను మధ్యలో ఉన్నాను.

నాకు తెలిసినంతలో సాటి అంటే సమానం. సాటివాళ్ళు, సాటి మనిషి, సరిసాటి, సాటిలేని. వీటిలో ఎక్కడా చిన్నతనం లేదు. మా నాయనమ్మ కోపమొస్తే "సాటివాళ్ళ ముందు తల ఎత్తుకోకుండా చేశావు" అనేది. బ్రౌన్ నిఘంటువులో కూడా సమానత్వం, పోలిక అనే అర్థాలే. మరి పెదనాన్నగారికి సాటి వినగానే పోటీ ఎందుకు తట్టింది? ఇంకో సంగతి. వాక్యంలో ఉన్నది "సహాయము". "సహాయకురాలు" అని ఎక్కడా లేదు. అయినా ఏ పెళ్ళిలో ప్రసంగం విన్నా సహాయకురాలే. సాటి ఎప్పుడో జారిపోయింది, సహాయానికి చీర కట్టారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లకుంట మాస్టారు: 
అమ్మా, మీరన్నది సరే గాని తొందరపడకండి. సాటి అంటే అన్నిటా సమానమనే కాదు, పోల్చడానికి పనికొచ్చేది అని కూడా. "సాటికి రాడు" అంటే పక్కన నిలబెట్టి చూడటానికి కూడా చాలడు అని. కాబట్టి సాటియైన అంటే పక్కన నిలబెడితే తేలిపోనిది. నాకైతే అది సమానం కన్నా బరువైన మాట. సమానం లెక్కల మాట. సాటి మనుషుల మధ్య మాట. ఇక పోటీ సంగతి: ప్రాస చేసిన పని అది. సాటీ, పోటీ పక్కపక్కన పలికి పలికి ఒకటి వింటే రెండోది తోస్తుంది. పైగా పోటీ ఎప్పుడూ సాటివాళ్ళ మధ్యే. పెదనాన్నగారి చెవి మంచిదే!

దిల్‌సుఖ్‌నగర్ తమ్ముడు (వేదాంత కళాశాలలో చదువుకున్నవాడు): 
అక్కా, హెబ్రీలో అక్కడున్నవి రెండు మాటలు, ఏజెర్ కెనెగ్దో. ఏజెర్ అంటే సహాయం. పాత నిబంధనలో ఈ నామవాచకం 21 చోట్ల వస్తుంది. హవ్వ గురించి రెండే సార్లు, ఆదికాండం రెండో అధ్యాయంలోనే. మిగతావాటిలో ఎక్కువ చోట్ల సహాయం దేవుడే. "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును? యెహోవావలననే నాకు సహాయము కలుగును" అని 121వ కీర్తన అందరికీ కంఠతా కదా. అక్కడా ఇదే మాట. కాబట్టి సహాయం చేసేవాళ్ళు కింద ఉంటారనే లెక్క హెబ్రీలో కుదరదు. కుదిరితే కష్టం మనకే.

ఎబెనెజరు కూడా ఇదే. సమూయేలు రాయి నిలబెట్టి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అని పెట్టిన పేరు. ఎబెన్ రాయి, ఏజెర్ సహాయం. హైదరాబాద్‌లో ఎబెనేజర్ అన్న బోర్డు లేని పేట ఉందా? ఆ బోర్డు కింద కూర్చునే "సహాయం అంటే చిన్న పని" అని చెప్తుంటారు.

కెనెగ్దోలో నెగెద్ అంటే ఎదుట. ముందున్న 'కె' అంటే వలె. అతని ఎదుట ఉన్నట్టి సహాయం. వెనక కాదు, కింద కాదు, ఎదుట.

నల్లకుంట మాస్టారు: 
నాయనా, ఎంత మంచి మాట చెప్పావు! ఎదుట అన్నావు కాబట్టి చూడు. తెలుగులో "ఎదురులేని" అన్నా "సాటిలేని" అన్నా ఒకటే అర్థం. ఎదురుగా నిలబడగలిగినవాడే సాటి. హెబ్రీ వాళ్ళకి తట్టిందే మనకీ తట్టింది. ఈ వాక్యాన్ని తెలుగు చేసినవాళ్ళు ఎదురు అని పెట్టకుండా సాటి అని పెట్టడంలో నేర్పుంది. ఎదురు అంటే మనవాళ్ళు "ఎదురు చెప్పే సహాయం" అని చదివేవారు.

నేను (పోస్టు పెట్టినదాన్ని): 
మాస్టారూ, అలా చదివినా తప్పేం లేదండీ. మా ఇంట్లో అదే నడుస్తోంది.

సికింద్రాబాద్ పెద్దాయన: 
మేం క్లాక్ టవర్ దగ్గర పెరిగినవాళ్ళం. పక్కింట్లో తమిళులు, ఎదురింట్లో ఉర్దూ మాట్లాడే క్రైస్తవులు. తమిళ బైబిల్లో ఇక్కడ "ఏట్ర తుణై" అని ఉంటుంది, అంటే తగిన తోడు. ఉర్దూలో "ఏక్ మదద్‌గార్ ఉస్ కీ మానింద్", అతనిలాంటి సహాయకుడు. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు "హెల్ప్ మీట్ ఫర్ హిమ్" అంది. అక్కడ మీట్ అంటే తగిన అని పాత అర్థం. జనం ఆ రెండు మాటల్నీ కలిపేసి "హెల్ప్‌మీట్" అనే కొత్త మాట పుట్టించారు, అదే తర్వాత హెల్ప్‌మేట్ అయింది. విడి మాటని అతికిస్తే ఒక కొత్త భార్య తయారైంది చూడండి. ఈ నాలుగింటిలో తెలుగే గట్టిగా ఉంది. తమిళం తగినది అంది, ఉర్దూ లాంటిది అంది, మనం సాటి అన్నాం.

మౌలాలి బ్రదర్: 
సిస్టర్, అందరికీ ప్రైజ్ ది లార్డ్. సాటి అంటే సమానమని నేనూ ఒప్పుకుంటాను. విలువలో సమానం. దేవుని స్వరూపంలో ఇద్దరినీ చేశాడు (ఆది 1:27). కానీ పాత్రలు వేరు. పౌలు మొదటి తిమోతి రెండో అధ్యాయంలో "మొదట ఆదామును తరువాత హవ్వయును నిర్మింపబడిరి" అని క్రమం చూపిస్తాడు. భర్త శిరస్సు, ఎఫెసీ 5:23. అమెరికాలో 1987లో డాన్వర్స్‌లో కూడిన పండితులు దీన్నే చక్కగా రాశారు, వ్యక్తులుగా సమానం, పాత్రల్లో తేడా అని. ఒక్క మాట పట్టుకుని సంఘ క్రమం మార్చకూడదు. మా ఇంట్లో నేను శిరస్సునే, అయినా పొద్దున్నే టీ పెట్టేది నేనే. శిరస్సు అంటే పెత్తనం కాదు, బాధ్యత.

నేను: 
బ్రదర్, టీ సంగతి విని సంతోషం. మీరన్నదాంట్లో ఒకటి ఒప్పుకుంటాను. ఆదికాండంలో సాటి అన్న మాట ఒక్కటీ చూపించి, సంఘంలో ఆడవాళ్ళు ప్రసంగించవచ్చా, అభిషేకం పొందవచ్చా అనేది తేల్చలేం. ఈ గొడవ మీరు చెప్పిన చోటా తెగలేదు. డాన్వర్స్ వాళ్ళకి ఎదురుగా సమానత్వం అనేవాళ్ళూ వెంటనే సంఘం పెట్టుకున్నారు. అమెరికాలోని దక్షిణ బాప్టిస్టులు 2000లో పాస్టరు పదవి మగవాళ్ళకే అని తమ విశ్వాస ప్రకటనలో రాసుకుని, 2023లో ఆడవాళ్ళని పాస్టర్లుగా పెట్టుకున్న సాడిల్‌బ్యాక్ సంఘాన్ని బయటికి పంపారు. (మన నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు ఆ కొమ్మ కాదు, ఉత్తరాది అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్ళు. యూట్యూబ్ వచ్చాక అన్ని కొమ్మలూ ఒకే ఫోన్‌లోకి వచ్చేశాయి.)

నా పేచీ "పాత్ర" అనే మాటతో. బైబిల్లో ఈ అర్థంలో పాత్ర లేదు. అది ఇంగ్లీషు రోల్‌కి మనం పెట్టుకున్న మాట. ఆ రోల్ ఫ్రెంచి నాటకశాలలోది, నటుడి మాటలు రాసిచ్చిన కాగితపు చుట్ట. అంటే వేషం. వేషం అంటే తీసేసేది, మార్చుకునేది. మీరు మారదని చెప్పడానికి మారేదాని పేరు పెట్టారు. ఇక పౌలు వాక్యం అటుంచి పేతురు ఏమన్నాడో చూడండి. మొదటి పేతురు 3:7లో భార్య "బలహీనమైన ఘటము". ఈ ముక్క ప్రతి పెళ్ళిలో వింటాం. అదే వచనంలో "జీవమను కృపావరములో మీ భార్యలు మీతో పాలివారై యున్నారని యెరిగి" అని ఉంది. ఇది ఎవరూ చదవరు. పాలివారంటే ఎవరండీ? మా ఊళ్ళో గట్టు తగాదాలు పెట్టుకునేవాళ్ళు! ఆస్తిలో భాగస్థులు. పాలివాడికి నువ్వు పెట్టేది ఏమీ లేదు, వాడి పాలు వాడిది. తెలుగు చేసినవాళ్ళు దాయాదుల మాట తెచ్చి భార్యకి పెట్టారు. ఈ ఒక్క మాట మీద ఎవరైనా ఒక గంట ప్రసంగం చెప్తే ముందు వరసలో కూర్చుని వింటాను.

మౌలాలి బ్రదర్: 
పాలివారు పాయింట్ బాగుంది సిస్టర్. నేనిలా ఆలోచించలేదు. అయినా శిరస్సు శిరస్సే.

దిల్‌సుఖ్‌నగర్ తమ్ముడు: 
అన్నా, శిరస్సు మీద గ్రీకు పండితులే నలభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. శిరస్సుకి గ్రీకు మాట కెఫాలే. దానికి అర్థం పైవాడా, మూలమా అని. వేన్ గ్రూడెమ్ అనే అమెరికా పండితుడు 1985లో పాత గ్రీకు రాతల్లో ఆ మాట వాడిన 2,336 చోట్లు ఏరి పైవాడే అన్నాడు. ఆ ఏరినవాటినే మళ్ళీ తిరగేసి కాదన్నవాళ్ళూ ఉన్నారు. తెలుగులో మనకి రెండూ ఉన్నాయి. తలపెట్టు అంటే మొదలుపెట్టు. తలవాకిలి అంటే ముందు వాకిలి. తలవంచు అంటే లోబడు. ఏ తల కావాలంటే ఆ తల దొరుకుతుంది. ఒకటి మాత్రం నిజం. వాక్యంలో శిరస్సు ఉంది, "ఇంటి పెద్ద" లేదు. పెద్ద అన్నది మన ఇళ్ళలోంచి అక్కడికి వెళ్ళింది.

ఎఫెసీ 5:22లో "లోబడియుండుడి" అనే క్రియ కూడా అన్నిటికన్నా పాత గ్రీకు చేతిరాత ప్రతులు కొన్నిటిలో లేదు. పి46 అనే పపైరస్‌లో గాని, వాటికన్ ప్రతిలో గాని లేదు. పైనున్న 21వ వచనం నుంచి అరువు తెచ్చుకోవాలి. ఆ 21వ వచనమేమో ఒకరికొకరు లోబడమంటుంది.

నేను: 
తమ్ముడూ, అక్కడే మన తెలుగు దెబ్బ కొట్టింది! 21వ వచనం పాత తెలుగు బైబిల్లో ఎలా ఉందో తీసి చూడు. "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి." ఒకనికొకడు. ఆ కాలం వ్రాతలో అందరికీ కలిపి అలాగే రాసేవారు, తప్పు పట్టను. కానీ ఇప్పటి చెవికి అది మగవాళ్ళు మగవాళ్ళకి లోబడటం. వెంటనే తర్వాతి వచనం "స్త్రీలారా" అని మొదలవుతుంది. ఇంకేముంది, మొదటిది బ్రదర్స్ మీటింగుకి, రెండోది సిస్టర్స్‌కి అన్నట్టు విడిపోయింది. ఒక్క "ఒకరికొకరు" పడి ఉంటే ఎన్ని ప్రసంగాలు వేరేగా ఉండేవో. ప్రూఫు దిద్దేదాన్ని కదా, ఇలాంటివి చూస్తే చెయ్యి దురద పెడుతుంది.

మేడ్చల్ చెల్లె: 
అక్కా, మా దిక్కు సాటి అని ఎక్కువ అనరు. తోడు అంటరు, సోపతి అంటరు. మా అవ్వ చర్చిల సాక్ష్యం చెప్పుకుంట "మా ముసలాయినె నాకు నలబై ఏండ్ల సోపతి" అన్నది. అందరు నవ్విన్రు. సోపతి అంటే దోస్తులకే అంటరు కదా, మొగనికి అంటరా అని. నాకైతే సాటియైన సహాయానికి గదే మంచి మాట అనిపిచ్చింది.

ఇంకొకటి. ఆది 3:16ల "అతడు నిన్ను ఏలును" అని ఉంటది. మా అవ్వకు అది శాపం అని చెప్తే నమ్మలె. "ఏలుకుంటడు అంటే మంచిదే కదనే, ఏలుకోక ఇడిసిపెడితె కదా శాపం" అన్నది.

నేను: 
చెల్లీ, ఇది నిజంగా రత్నం. "వాడు పెళ్ళాన్ని ఏలుకోవడం లేదు" అంటే వదిలేశాడని. ఏలు అనే మాటలో రాజ్యమూ ఉంది, కాపురమూ ఉంది. అనువాదకులు రాజ్యం అనుకుని పెట్టారు, అవ్వ కాపురం అనుకుని విన్నది. ఆ వచనం తప్పు చేశాక జరగబోయేది చెప్తోంది, ఇలా చెయ్యమని ఆజ్ఞ ఇవ్వడం లేదు. తెలుగులో వినేసరికి శాపం కాస్తా దీవెన అయిపోయింది. అవ్వకి నా వందనాలు చెప్పు.

రాంనగర్ టీచరమ్మ: 
మాట గురించే కాబట్టి నా బాధ కూడా చెప్తాను. మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో 1976 నుంచి ఆడవాళ్ళకి గురువులుగా అభిషేకం ఇస్తున్నారు. 2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే. పదవి వచ్చింది గాని పిలుపు రాలేదు. మగ పాస్టరుని అయ్యగారు అంటాం. అమ్మగారు అంటే అయ్యగారి భార్య. పాస్టరమ్మ అన్నా ఆవిడే. మరి ఆడ పాస్టరుని ఏమని పిలవాలి? ఒకసారి మా చర్చికి ఒకావిడ వాక్యం చెప్పడానికి వచ్చారు. సంఘపెద్ద మైకులో "అమ్మగారు వచ్చారు" అంటే జనం వెనక్కి తిరిగి అయ్యగారి కోసం చూశారు. ఆవిడ భర్త బయట స్కూటర్ పార్క్ చేస్తున్నారు పాపం, ఆయన బ్యాంకు ఉద్యోగి.

నల్లకుంట మాస్టారు: 
డాక్టరమ్మకి, టీచరమ్మకి ఈ చిక్కు తీరిపోయింది కదమ్మా. ఒకప్పుడు పంతులమ్మ అన్నా పంతులుగారి భార్యే. పని చేసేవాళ్ళు పెరిగితే పేరు దానంతట అదే మారుతుంది. మన చేతిలో లేదు.

దిల్‌సుఖ్‌నగర్ తమ్ముడు: 
రోమా 16:1లో ఫీబే "సంఘపరిచారకురాలు". ఫిలిప్పీ 1:1లో మగవాళ్ళు "పరిచారకులు". గ్రీకులో రెండుచోట్లా దియాకొనోస్. కింగ్ జేమ్స్ ఆమెని సర్వెంట్ అని, వాళ్ళని డీకన్స్ అని విడదీసింది. తెలుగు అలా చెయ్యలేదు. అందులో మనవాళ్ళు నిజాయితీగా ఉన్నారు.

మౌలాలి బ్రదర్: 
ఇంతకీ కార్డు ఏమైంది సిస్టర్?

నేను: 
చెప్తాను. మాస్టారి ఎదురులేని, సాటిలేని ముక్క నాకు బాగా పట్టుకుంది. పెదనాన్నగారికి నేనే మళ్ళీ ఫోన్ చేశాను. హెబ్రీ, గ్రీకు అంటే ఆయనకి టెన్షన్ అని అవేవీ ఎత్తలేదు. "అయ్యా, మీ అబ్బాయికి సాటిలేని సంబంధం దొరికిందని చుట్టాలకి చెప్పారా లేదా" అని అడిగాను. "చెప్పాం, పిల్ల ఎం.టెక్." అన్నారు. "సాటిలేనిది అని మీరే చెప్పి, సాటియైనది అని దేవుడు చెప్తే తీసెయ్యమంటారేం" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల ఎవరితోనో, పెద్దమ్మగారే అనుకుంటా, ఏదో అడిగారు. తర్వాత వచ్చి, "సరేనమ్మా, ఉంచండి. కానీ ఆ సాటియైన కొంచెం చిన్న అక్షరాల్లో వెయ్యండి" అన్నారు.

14 పాయింట్లు ఉన్నదాన్ని 12కి దింపాను. సహాయము కూడా 12కే దింపాను. ప్రూఫు ఓకే అని మెసేజ్ వచ్చింది.